అండమాన్ పందిపిల్ల ఎందుకు వణుకుతుంది?

అండమాన్ నికోబార్ దీవుల్లో చలికాలం అంటూ ప్రత్యేకంగా ఉండదు. ఏడాది పొడవునా ఉష్ణోగ్రత సుమారు 23 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ మధ్యే తిరుగుతుంది. విశాఖపట్నంలో ఓడెక్కి అక్కడికి వెళ్ళేవారెవరూ ఉన్ని దుస్తులు సర్దుకోరు. అలాంటి చోట కూడా, ఒక వాన రాత్రి పుట్టిన పందిపిల్ల గజగజ వణుకుతుంది. తల్లిని, తోడబుట్టినవాటిని అతుక్కుని పడుకుంటుంది. ఒంటరిగా తడినేల మీద ఉండిపోతే కొన్ని గంటల్లోనే నీరసించి పాలు తాగే ఓపిక కూడా కోల్పోతుంది.

అదే రాత్రి, అదే పాక చూరులో ఎలుక కూడా ఈని ఉండవచ్చు. ఎలుకపిల్లలు పందిపిల్లకంటే ఎన్నో రెట్లు చిన్నవి. వాటి ఒంటి మీద కూడా బొచ్చు ఉండదు. చిన్న శరీరం త్వరగా చల్లబడుతుందన్నది భౌతికశాస్త్రం చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. అయినా ఎలుకపిల్ల వణకకుండానే తన ఒంట్లో వేడి పుట్టించుకోగలదు. పక్కింట్లో పుట్టిన పసిబిడ్డా అంతే. పందిపిల్లకు మాత్రం ఆ వరం లేదు.

తేడా అంతా ఒక ప్రొటీన్‌లో ఉంది. దాని పేరు యూసీపీ1. పందికి ఆ ప్రొటీన్ లేదని మొదట గట్టిగా సూచించినది ప్రయోగశాలలో వాడే ఒక యాంటీబాడీ. ఆ తర్వాత పాతికేళ్ళకు అలాంటి మరో యాంటీబాడీ ప్రయోగమే 'ఉంది' అనడంతో వివాదం రేగింది. రెండు సాక్ష్యాల్లో ఏది నమ్మాలి? ఈ ప్రశ్నకు దొరికిన జవాబు పందులకే పరిమితం కాదు. ప్రయోగశాలల్లో రోజూ వాడే ఒక ముఖ్యమైన సాధనాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అది చెబుతుంది.

వేడి కోసమే పుట్టిన కొవ్వు

కొవ్వు అనగానే మనకు గుర్తొచ్చేది తెల్ల కొవ్వు. అది మిగులు శక్తిని దాచిపెట్టే గాదె. క్షీరదాల్లో ఇంకో రకం కొవ్వు కూడా ఉంది. దాన్ని గోధుమ కొవ్వు అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త కాన్రాడ్ గెస్నర్ 1551లోనే మార్మట్ అనే జంతువులో దీన్ని గమనించి, ఇది పూర్తిగా కొవ్వూ కాదు, పూర్తిగా మాంసమూ కాదని రాశాడు. ఆ రంగు రావడానికి ముఖ్య కారణం దాని కణాల్లో కిక్కిరిసి ఉండే మైటోకాండ్రియా. వాటిలోని ఇనుమున్న ప్రొటీన్లే ఆ గోధుమ ఛాయనిస్తాయి.

మైటోకాండ్రియా పని అర్థం చేసుకోవడానికి శ్రీశైలం జలాశయాన్ని ఊహించుకోండి. ఎత్తున నిల్వ ఉన్న నీరు టర్బైన్ల గుండా కిందికి దిగితే కరెంటు పుడుతుంది. మైటోకాండ్రియాలో నీటికి బదులు ప్రోటాన్లు ఉంటాయి. మనం తిన్న ఆహారం నుంచి వచ్చే శక్తితో, మైటోకాండ్రియా లోపలి పొరలోని కొన్ని ప్రొటీన్లు ప్రోటాన్లను పొర ఆవలికి తోడి పోస్తాయి. ఆవల పోగుపడ్డ ప్రోటాన్లు మళ్ళీ లోపలికి రావాలంటే ఏటీపీ సింథేజ్ అనే అణు టర్బైన్ గుండా రావాలి. అది తిరిగినప్పుడు కణానికి ఖర్చుకు పనికొచ్చే శక్తి, అంటే ఏటీపీ, తయారవుతుంది. ఈ సూత్రాన్ని 1961లో ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఆనకట్ట గేట్లు ఎత్తేశారనుకోండి. నీరు టర్బైన్ల వైపు పోకుండా నేరుగా కిందికి దూకుతుంది. కరెంటు పుట్టదు, కానీ ఆ శక్తి ఎక్కడికీ పోదు. నురగగా, హోరుగా, చివరికి వేడిగా మారుతుంది. గోధుమ కొవ్వు మైటోకాండ్రియాలో అలాంటి గేటే యూసీపీ1. చలి తగలగానే మెదడు నుంచి నాడుల ద్వారా కబురు వస్తుంది. నార్ అడ్రినలిన్ విడుదలవుతుంది. కణంలోని కొవ్వు కరిగి కొవ్వు ఆమ్లాలు బయటపడతాయి. అవి యూసీపీ1 గేటును తెరుస్తాయి. ప్రోటాన్లు ఏటీపీ తయారు చేయకుండానే లోపలికి జారిపోతాయి, ఇంధనం మండి వేడి పుడుతుంది. ఆ వేడిని రక్తం ఒళ్ళంతా మోసుకెళ్తుంది. కండరాలు వణకాల్సిన అవసరం ఉండదు.

పసిబిడ్డల భుజాల మధ్య, మూత్రపిండాల చుట్టూ ఈ కొవ్వు ఉంటుంది. పెద్దయ్యాక అది పూర్తిగా మాయమవుతుందని చాలాకాలం అనుకునేవారు. 2009లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒకే సంచికలో ప్రచురించిన మూడు అధ్యయనాలు ఆ నమ్మకాన్ని మార్చాయి. పెద్దల్లో కూడా మెడ దగ్గర, కాలరు ఎముకల పైభాగంలో పనిచేసే గోధుమ కొవ్వు ఉందని అవి చూపించాయి. స్కానింగ్‌లో వెలిగిన ఆ కణజాలం నిజంగా గోధుమ కొవ్వేనా అని తేల్చడానికి చిన్న ముక్క తీసి చూసినప్పుడు, పరిశోధకులు అందులో వెతికిన గుర్తు యూసీపీ1.

కంటికి కనిపించని దాన్ని పట్టేది ఎలా?

యూసీపీ1 అనేది సుమారు 300 అమైనో ఆమ్లాల గొలుసు. బరువు దాదాపు 33 కిలోడాల్టన్లు. మామూలు సూక్ష్మదర్శినిలో ఒక్కో ప్రొటీన్ అణువు కనిపించదు. అందుకే జీవశాస్త్రవేత్తలు రోగనిరోధక వ్యవస్థను సాయం అడుగుతారు.

ఒక ప్రొటీన్‌ను, లేదా దానిలోని చిన్న ముక్కను, కుందేలు శరీరంలోకి ఎక్కిస్తారు. కుందేలుకు అది పరాయి వస్తువు. దాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారవుతాయి. తెలుగులో వీటిని ప్రతిరక్షకాలు అంటాం. రక్తం నుంచి వాటిని వేరుచేసి శుద్ధి చేస్తే, యూసీపీ1ను వెతికిపెట్టే సాధనం సిద్ధమైనట్టే. ఒకే రకం యాంటీబాడీని ఎప్పటికీ తయారు చేసుకునే మరో పద్ధతిని కోలర్, మిల్‌స్టీన్ 1975లో కనుగొన్నారు. అలా వచ్చేవి మోనోక్లోనల్ యాంటీబాడీలు.

వాడే పద్ధతి ఇలా ఉంటుంది. కొవ్వు ముక్కను మెత్తగా నూరి, మైటోకాండ్రియాను వేరుచేస్తారు. వాటిలోని ప్రొటీన్లను డిటర్జెంట్‌తో విడదీసి, ఒక జెల్ గుండా విద్యుత్తు సాయంతో నడిపిస్తారు. చిన్న ప్రొటీన్లు ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. అలా బరువు ప్రకారం వరుస తీరిన ప్రొటీన్లను ఒక పలుచని పొర మీదికి అద్దుతారు. యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటుకోకుండా ఉండడానికి ఆ పొరను చాలా ప్రయోగశాలల్లో వెన్న తీసిన పాలపొడి కలిపిన నీటిలో నానబెడతారు. తర్వాత యూసీపీ1 యాంటీబాడీని పోస్తారు. చివరగా, ఆ యాంటీబాడీని గుర్తుపట్టి అంటుకునే రెండో యాంటీబాడీని పంపుతారు. దానికి తగిలించిన ఎంజైమ్ కాంతిని పుట్టిస్తుంది. 33 కిలోడాల్టన్ల గుర్తు దగ్గర ఒక గీత వెలిగితే ప్రొటీన్ ఉన్నట్టు. ఈ పరీక్షనే వెస్టర్న్ బ్లాట్ అంటారు.

చూడడానికి ఇది గర్భ నిర్ధారణ పరీక్ష పట్టీ అంత తేలికగా కనిపిస్తుంది. గీత వస్తే ఉంది, రాకపోతే లేదు. చిక్కంతా ఆ గీతను చదవడంలోనే ఉంది.

1989: గీత రాలేదు

పందిపిల్లల వణుకు పశుపోషకులకు ఎప్పటినుంచో తెలిసినదే. అయితే దాని వెనక కారణం స్పష్టంగా తెలియదు. పందిపిల్లలో గోధుమ కొవ్వు ఉందా లేదా అన్న విషయంపై పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం ఉండేది కాదు. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి రంగును, కొవ్వు బొట్ల ఆకారాన్ని బట్టి నిర్ణయించడం అంత నమ్మదగ్గ పద్ధతి కాదు.

1970ల చివరికి గోధుమ కొవ్వులో వేడికి కారణమైన ప్రొటీన్‌ను గుర్తించడంతో స్పష్టమైన కొలబద్ద దొరికింది. యూసీపీ1 ఉంటేనే అది అసలైన గోధుమ కొవ్వు. 1989లో పాల్ ట్రేహర్న్ బృందం ఈ కొలబద్దను పందికి పెట్టింది. పంది కొవ్వులో యాంటీబాడీతో వెతికితే యూసీపీ1 జాడ దొరకలేదు. పెంపుడు పందిలో గోధుమ కొవ్వు లేదనడానికి ఇది సాక్ష్యమని వారు కెనడాకు చెందిన శరీరక్రియాశాస్త్ర పత్రికలో ప్రచురించారు.

'లేదు' అని రుజువు చేయడం సైన్సులో చాలా కష్టం. గీత రాకపోవడానికి సవాలక్ష కారణాలు ఉండవచ్చు. యాంటీబాడీ పాతబడి ఉండవచ్చు. ప్రొటీన్ మరీ తక్కువగా ఉండవచ్చు. ఇతర జంతువుల ప్రొటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ, పంది ప్రొటీన్‌లోని చిన్న తేడా వల్ల దాన్ని గుర్తుపట్టలేకపోయి ఉండవచ్చు. ఈ సందేహాలన్నీ తీరాలంటే ఇంకో దారిలో వచ్చిన సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం 17 ఏళ్ళ తర్వాత జన్యువు నుంచి వచ్చింది. 2006లో స్వీడన్ శాస్త్రవేత్త లీఫ్ ఆండర్సన్ బృందం పంది యూసీపీ1 జన్యువును చదివింది. ఆ జన్యువులో ప్రొటీన్ తయారీకి సంబంధించిన భాగాలు మామూలుగా ఆరు ఉంటాయి. వాటిని ఎక్సాన్లు అంటారు. పందిలో 3, 4, 5 ఎక్సాన్లు మొత్తంగా ఎగిరిపోయాయి. మిగిలిన ఎక్సాన్లలో మరో మూడు నష్టకరమైన మార్పులు కూడా ఉన్నాయి. ఒక వంట పుస్తకంలో మధ్య పేజీలు చిరిగిపోతే ఆ వంటకం ఇక ఎవరూ చేయలేరు. పంది యూసీపీ1 పరిస్థితి అదే. పెంపుడు పందిలోనే కాక ఐరోపా అడవి పందిలో కూడా అదే లోపం కనిపించింది. ఈ నష్టం సుమారు 2 కోట్ల ఏళ్ళ క్రితం జరిగిందని వారి లెక్క తేల్చింది.

బహుశా ఆ కాలంలో పందుల పూర్వీకులు వెచ్చని ప్రాంతాల్లో బతికి ఉంటాయని, అక్కడ ఈ జన్యువు చెడినా పెద్దగా నష్టం కలగలేదని ఆ శాస్త్రవేత్తల వివరణ. తర్వాత కొన్ని పందులు చల్లని దేశాలకు విస్తరించాయి. పోయిన జన్యువు మాత్రం తిరిగి రాలేదు. ఆ లోటును ప్రవర్తనతో పూడ్చుకున్నాయి. గిట్టలున్న జంతువుల్లో ఈనే ముందు గూడు కట్టుకునేది పంది ఒక్కటే. అడవి పంది కొమ్మలు, ఆకులు, గడ్డి పోగుచేసి మెత్తని పడక తయారు చేసి దానిలో ఈనుతుంది. ఒంట్లో లేని పొయ్యికి బదులు పిల్లలకు ఆ పడక ఆసరా అవుతుంది.

అండమాన్ అడవుల్లో జరవా, ఓంగే ప్రజలు తరతరాలుగా వేటాడుతున్న అండమాన్ అడవి పంది ఈ వంశానిదే. నికోబారీ కుటుంబాల సంపదగా, పండుగల్లో గౌరవంగా చూసుకునే నికోబారీ పంది కూడా అంతే. మన పెంపుడు పందుల జాతి పుట్టడానికి ఎంతో ముందే ఈ జన్యువు చెడిపోయింది కాబట్టి, ఆ వారసత్వం వీటన్నిటికీ సంక్రమించింది.

2014: గీత వచ్చింది!

కథ ఇక్కడితో ముగిసి ఉండాలి. కానీ 2014లో బ్రిటన్‌కు చెందిన ఒక పరిశోధక బృందం పంది కొవ్వులో యూసీపీ1 ఉందని, పుట్టిన తర్వాత లెప్టిన్ అనే హార్మోన్‌కు అది స్పందిస్తోందని అంతర్జాతీయ పత్రికలో ప్రచురించింది. జన్యువులో సగం లేని జంతువులో పూర్తి ప్రొటీన్ ఎలా ఉంటుంది?

మరుసటి ఏడాదే మార్టిన్ యాస్ట్రోక్, లీఫ్ ఆండర్సన్ ఘాటుగా సమాధానం రాశారు. 'పందులు ఎగిరినప్పుడు యూసీపీ1 వేడి పుట్టిస్తుంది' అన్నది ఆ వ్యాసం శీర్షిక. జరగని పనిని మనం కుందేటి కొమ్ము అన్నట్టే, ఇంగ్లీషువారు పంది ఎగరడం అంటారు. మధ్య భాగం మొత్తం పోయిన జన్యువు నుంచి పనిచేసే యూసీపీ1 రాలేదన్నది వారి వాదన సారం.

మరి పంది కొవ్వులో యూసీపీ1 యాంటీబాడీ దేనికి అంటుకోగలదు? దీన్ని అర్థం చేసుకోవడానికి ఈ ప్రొటీన్ బంధువర్గాన్ని చూడాలి. యూసీపీ1కు యూసీపీ2, యూసీపీ3 అనే దగ్గరి చుట్టాలు ఉన్నాయి. ఇవి 1997లో బయటపడ్డాయి. అమైనో ఆమ్లాల వరుసలో సగానికి పైగా మూడింటికీ ఒకటే. పొడవు కూడా ఇంచుమించు సమానం. అంటే జెల్ మీద మూడూ దాదాపు ఒకే చోట ఆగుతాయి. అంతేకాదు, మైటోకాండ్రియా లోపలి పొరలో ఈ కుటుంబానికే చెందిన రవాణా ప్రొటీన్లు మనిషిలో 50కి పైగా ఉన్నాయి. వాటిలో చాలా వాటి బరువు 30 కిలోడాల్టన్లకు అటూ ఇటూ ఉంటుంది.

యాంటీబాడీ ప్రొటీన్ పేరు చదవదు. దాని ఒంటి మీద ఉన్న ఒక చిన్న ముక్క ఆకారాన్ని మాత్రమే పట్టుకుంటుంది. చీకట్లో చెయ్యి తడిమి మనిషిని గుర్తుపట్టడం లాంటిదే ఇది. అన్నదమ్ముల ముక్కులు ఒకేలా ఉంటే, ముక్కు తడిమి అన్నను తమ్ముడనుకోవచ్చు. సరైన బరువు దగ్గర గీత వచ్చినంత మాత్రాన అది సరైన ప్రొటీన్ అని చెప్పలేం. గోధుమ కొవ్వు పరిశోధనలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ తప్పు చుట్టాలన్నీ ఒకే ఇంట్లో, ఒకే ఎత్తులో నిలబడి ఉంటాయి.

సాక్షికి పరీక్ష

న్యాయస్థానంలో సాక్షి చెప్పిన మాటను అడ్డ ప్రశ్నలు వేశాకే లెక్కలోకి తీసుకుంటారు. యాంటీబాడీకి కూడా అలాంటి పరీక్షలు ఉన్నాయి. వాటిలో మొదటిది, అన్నిటికంటే బలమైనది: అసలు ఆ ప్రొటీన్ లేని చోట అది మౌనంగా ఉంటుందా?

యూసీపీ1 విషయంలో ఇందుకు మంచి సాధనం ఉంది. 1997లో యూసీపీ1 జన్యువును తొలగించిన ఎలుకలను శాస్త్రవేత్తలు తయారు చేశారు. ఆ ఎలుకలు చలికి తట్టుకోలేకపోయాయి. ఈ ప్రొటీన్ అవసరం ఏమిటో అలా రుజువైంది. దానితోపాటు యాంటీబాడీలను పరీక్షించడానికి ఒక గీటురాయి కూడా దొరికింది. మామూలు ఎలుక గోధుమ కొవ్వును ఒక వరుసలో, జన్యువు తీసేసిన ఎలుక కొవ్వును పక్క వరుసలో పెట్టాలి. మొదటి వరుసలో గీత రావాలి, రెండో వరుస ఖాళీగా ఉండాలి. రెండింటిలోనూ గీత వస్తే, ఆ యాంటీబాడీ ఇంకెవరినో చూసి యూసీపీ1 అంటోందని అర్థం.

2016లో మథియాస్ ఉలేన్ నాయకత్వంలో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం యాంటీబాడీల నమ్మకాన్ని తేల్చడానికి ఐదు మార్గాలు సూచించింది. జన్యువును తీసేసి లేదా అణచివేసి చూడడం వాటిలో మొదటిది. యాంటీబాడీతో సంబంధం లేని మరో పద్ధతితో పోల్చడం రెండోది. అదే ప్రొటీన్‌లో వేరే చోటును పట్టుకునే మరో యాంటీబాడీతో సరిచూడడం మూడోది. గుర్తు తగిలించిన ప్రొటీన్‌ను కణంలో తయారు చేయించి చూడడం నాలుగోది. యాంటీబాడీ పట్టుకున్న దాన్ని ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో గుర్తించడం ఐదోది. అన్నీ ప్రతిసారీ చేయనవసరం లేదు. కనీసం ఒకటైనా చేయకుండా గీతను నమ్మకూడదు.

ఈ కొలతలతో చూస్తే 1989 నాటి 'లేదు'కు బలం ఎక్కడిదో తెలుస్తుంది. యాంటీబాడీ మాటకు జన్యువు మాట తోడైంది. రెండు వేర్వేరు దారులు ఒకే చోటికి చేరాయి. 2014 నాటి 'ఉంది'కి జన్యువు నుంచి అలాంటి తోడు దొరకలేదు. ఇదంతా తేలాక పంది స్థానం కూడా మారింది. ప్రకృతే జన్యువు తీసేసి ఇచ్చిన జంతువు కాబట్టి, యూసీపీ1 యాంటీబాడీని అనుమానించాల్సి వస్తే పంది కొవ్వు కూడా ఒక పరీక్షే. అక్కడ గీత వెలిగితే ముందు సందేహించాల్సింది యాంటీబాడీనే.

దీవుల్లో మరికొందరు

ఈ ప్రొటీన్ పోగొట్టుకున్నది పంది ఒక్కటే కాదు. 2017లో 'సైన్స్ అడ్వాన్సెస్'లో వచ్చిన ఒక అధ్యయనం 133 క్షీరదాల యూసీపీ1 జన్యువులను పరిశీలించింది. మాయ ఉన్న క్షీరదాల 18 వర్గాల్లో కనీసం 8 వర్గాల్లో ఈ జన్యువు చెడిపోయిన జంతువులు ఉన్నాయని తేలింది. ఆ పట్టికను అండమాన్ పటం పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

అండమాన్ నికోబార్ రాష్ట్ర జంతువు డ్యుగాంగ్. సముద్రపు ఆవు అని పిలుచుకునే ఈ జంతువు సముద్రగర్భంలో గడ్డి మేస్తూ బతుకుతుంది. ఇది ఆ పట్టికలో ఉంది. కలప లాగడానికి ఒకప్పుడు ప్రధాన భూభాగం నుంచి దీవులకు తెచ్చిన ఏనుగులు, వాటిలో కంపెనీ వదిలేసి వెళ్ళాక ఇంటర్వ్యూ దీవిలో అడవిపాలైన వాటి సంతతి, హేవ్‌లాక్ దీవి తీరంలో ఈత కొడుతూ ప్రపంచానికి పరిచయమై 2016లో కన్నుమూసిన రాజన్ అనే ఏనుగు, ఇవన్నీ యూసీపీ1 లేని వంశానివే. చుట్టూ సముద్రంలో తిరిగే డాల్ఫిన్లదీ అదే కథ.

అలాగని ఇవన్నీ వెచ్చని చోట్ల బతికే జంతువులు కాబట్టి ప్రొటీన్ అక్కర్లేకపోయిందని తేల్చేయలేం. ఉత్తర ధ్రువ సముద్రాల్లో తిరిగే తిమింగలాలకూ యూసీపీ1 లేదు. మంచుయుగపు మామత్‌లకూ లేదు. 18వ శతాబ్దంలో అంతరించిపోయిన స్టెల్లర్ సముద్రపు ఆవు చల్లని బేరింగ్ సముద్రంలో బతికింది, దానికీ లేదు. చాలా వంశాల్లో ఈ నష్టం శరీరాలు బాగా పెరిగిన కాలంతో ముడిపడి ఉందని ఆ అధ్యయనం చెబుతోంది. పెద్ద శరీరం నెమ్మదిగా చల్లబడుతుంది. దట్టమైన కొవ్వు పొరో, ఉన్నిలాంటి బొచ్చో ఉంటే ఒంట్లో ప్రత్యేక పొయ్యి అవసరం తగ్గుతుంది. పంది ఇబ్బంది ఏమిటంటే, తల్లి పెద్దదే గానీ పిల్లలు మాత్రం చిన్నవి, ఒకే కాన్పులో ఎక్కువ, బొచ్చు పలుచన.

డ్యుగాంగ్ విషయంలో ఈ సంగతి యాంటీబాడీతో తేల్చింది కాదు. అరుదైన, చట్టం రక్షణలో ఉన్న జంతువు కొవ్వును తాజాగా సేకరించి నూరడం సాధ్యం కాదు. పైగా డ్యుగాంగ్ ప్రొటీన్లపై పరీక్షించిన యాంటీబాడీ ఉండాలి. జన్యువును చదవడానికి మాత్రం కొద్దిపాటి నమూనా చాలు. స్టెల్లర్ సముద్రపు ఆవు లాంటి అంతరించిన జంతువు గురించి చెప్పగలిగింది కూడా పాత అవశేషాల్లోని డీఎన్‌ఏ వల్లనే.

ఇక్కడ ఒక చిన్న గందరగోళం తొలగించుకోవాలి. అండమాన్, మైటోకాండ్రియా అనగానే చాలామంది పాఠకులకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ గుర్తుకొస్తుంది. కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు ఓంగే, గ్రేట్ అండమానీ ప్రజల మైటోకాండ్రియా డీఎన్‌ఏను చదివి, వారి అతి పురాతన మూలాల గురించి 2005లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. అది తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏ. యూసీపీ1 పనిచేసేది మైటోకాండ్రియాలోనే అయినా దాని జన్యువు అక్కడ ఉండదు. కణ కేంద్రకంలోని క్రోమోజోములో ఉంటుంది. మనిషిలో అది నాలుగో క్రోమోజోము. అందువల్ల మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఎంత చదివినా యూసీపీ1 ఉందో లేదో తెలియదు.

తెలిస్తే ఏం లాభం?

శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. నికోబారీ పందిపై అక్కడ పరిశోధన సాగుతోంది. 2004 సునామీలో నికోబార్ దీవులు మనుషులతోపాటు పశుసంపదను కూడా పెద్దఎత్తున కోల్పోయాయి. అలాంటి చోట బతికి బట్టకట్టే ప్రతి పందిపిల్లకూ విలువ ఉంది.

అప్పుడే పుట్టిన పందిపిల్లకు హాయిగా ఉండే ఉష్ణోగ్రత సుమారు 34 డిగ్రీలు. అండమాన్‌లో వాన రాత్రి 24 డిగ్రీలు ఉంటే మనకు చల్లగా, హాయిగా అనిపిస్తుంది. పందిపిల్లకు మాత్రం అది 10 డిగ్రీల లోటు. పుట్టినప్పుడు దాని ఒంట్లో కొవ్వు కూడా నామమాత్రమే. తడి ఆరేటప్పుడు ఇంకొంత వేడి పోతుంది. వణుకు ఒక్కటే దిక్కు, వణకడానికి ఇంధనం కావాలి, ఇంధనం జున్నుపాల నుంచే రావాలి. చలికి నీరసించిన పిల్ల పొదుగు దాకా పోలేదు. పాలు అందక మరింత చల్లబడుతుంది. వెచ్చదనం కోసం తల్లికి మరీ దగ్గరగా జరిగి దాని కింద పడి నలిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

యూసీపీ1 లేదని తెలిసిన రైతు ఈ వలయాన్ని మొదట్లోనే తెంచగలడు. పుట్టగానే ఒళ్ళు తుడవడం, పొడి గడ్డి పరవడం, వాన జల్లు, ఈదురుగాలి తగలకుండా మూల కట్టడం, వీలైతే దీపం వేడి అందించడం, మొదటి గంటల్లోనే జున్నుపాలు తాగేలా చూడడం. ఇవేవీ కొత్త సంగతులు కావు. అనుభవజ్ఞులైన పెంపకందార్లు చేసేవే. 'ఇది వెచ్చని ఊరే కదా, కాస్త చలికి అదే అలవాటు పడుతుందిలే' అన్న ఆలోచన ఎందుకు తప్పో ఆ ప్రొటీన్ లేమి చెబుతుంది. అలవాటు పడడానికి కావాల్సిన గేటు 2 కోట్ల ఏళ్ళ క్రితమే పోయింది.

ఆ గేటును తిరిగి బిగించే ప్రయత్నం కూడా జరిగింది. చైనా శాస్త్రవేత్తలు జన్యు సవరణ పద్ధతితో ఎలుక యూసీపీ1 జన్యువును పందిలో చేర్చి, దాని తెల్ల కొవ్వులో ఆ ప్రొటీన్ తయారయ్యేలా చేశారు. ఆ పందిపిల్లలు చలిలో ఒంటి వేడిని మెరుగ్గా నిలబెట్టుకున్నాయని, వాటి కొవ్వు కూడా తగ్గిందని 2017లో ప్రచురించారు. పందిలో లేదని ముందే గట్టిగా తేలి ఉండకపోతే, చేర్చాక వచ్చిన మార్పును ఈ ప్రొటీన్ ఖాతాలో వేయడం కుదిరేది కాదు.

మనుషుల విషయంలో పణం ఇంకా పెద్దది. గోధుమ కొవ్వును చురుగ్గా మార్చి ఊబకాయాన్ని, మధుమేహాన్ని అదుపు చేయవచ్చా అని ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఫలానా మందు వాడితే తెల్ల కొవ్వులో యూసీపీ1 కనిపించిందన్న వార్త వచ్చినప్పుడల్లా, దాని వెనక ఎక్కడో ఒక గీత ఉంటుంది. ఆ గీత చుట్టానిదైతే ఏళ్ళ శ్రమ, రోగుల ఆశ రెండూ వృథా అవుతాయి.

అందుకే అలాంటి వార్త చదివినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ యాంటీబాడీని ప్రొటీన్ లేని కణజాలం మీద కూడా పరీక్షించారా? అక్కడ అది మౌనంగా ఉందా? 'లేదు' అనాల్సిన చోట 'లేదు' అనగలిగిన సాక్షి 'ఉంది' అంటేనే ఆ మాటకు విలువ. వాన రాత్రి తల్లి పక్కన వణుకుతున్న పందిపిల్ల ఆ 'లేదు'కు ఉదాహరణ. పొడి గడ్డి పరిచి దాన్ని వెచ్చగా ఉంచడం మాత్రం మన చేతుల్లో ఉంది.